షామ్ షుయ్ పో వీధుల్లో నలభై డాలర్ల భోజనం

సంపాదకులు గారికి,

నమస్కారం.

హాంకాంగ్ చూసొచ్చిన మనవాళ్లు తప్పకుండా చెప్పే మాట ఒకటుంది: "అక్కడ తిండి మహా ఖరీదండీ, పైగా మనం తినగలిగేదేమీ లేదు." ప్రయాణాల పేజీల్లో వచ్చే వ్యాసాలూ చాలావరకు ఇదే రాస్తున్నాయి. ఇందులో తప్పు వాళ్లది కాదు, వాళ్లను తిప్పిన దారిది. టూరు బస్సు పర్యాటకుల పేట త్సిమ్ షా త్సుయ్‌లో హోటల్ ముందు దింపుతుంది. రాత్రికి ఆ చుట్టుపక్కలే ఏదో ఇండియన్ రెస్టారెంట్‌లో బఫే, మధ్యాహ్నం థీమ్ పార్కులో బర్గరు. ఈ చోట్లన్నిటా ధరలు పర్యాటకుల కోసం పెట్టినవే. అదే త్సిమ్ షా త్సుయ్‌లో మెట్రో ఎర్ర లైను, అంటే త్సున్ వాన్ లైను ఎక్కి ఐదో స్టేషన్లో దిగితే షామ్ షుయ్ పో వస్తుంది. కౌలూన్‌లో అది పాత పేట. కాంటనీస్ మాట్లాడే సామాన్య జనం పొద్దున్నుంచి రాత్రి దాకా తినే తిండి అక్కడ చవగ్గా, వేడిగా, మంచి చేతి నేర్పుతో దొరుకుతుంది. ఆ తిండి ఎందుకు చవకో, ఎలా తయారవుతుందో, ఎలా అడిగి తినాలో, ఇప్పుడు దానికి వచ్చిన ముప్పేమిటో తెలుగు పాఠకులకు తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాం.

ముందు డబ్బు లెక్క. హాంకాంగ్ డాలరును అమెరికన్ డాలరుకు 7.75 నుంచి 7.85 మధ్య కట్టి ఉంచారు. కాబట్టి ఆ రోజు అమెరికన్ డాలరు ఎన్ని రూపాయలో చూసి 7.8తో భాగిస్తే చాలు. కింద చెప్పే డాలర్లన్నీ హాంకాంగ్ డాలర్లే. 2025 మే 1న అక్కడ చట్టబద్ధమైన కనీస వేతనం గంటకు 42.1 డాలర్లు అయింది. షామ్ షుయ్ పోలో అన్నం, రెండు కూరలతో ఒక పొట్లం ధర కూడా సుమారుగా అంతే, ఒక్కోచోట ఇంకా తక్కువ. గంట కూలితో ఒక పూట కడుపు నిండాలి. ఈ పేటలో ధరలకు అసలు కొలబద్ద ఇదే.

ఇక్కడే ఇంత చవక ఎందుకంటే, తినేవాళ్లకు వేరే దారి లేదు కాబట్టి. 1953 డిసెంబర్ 25 రాత్రి ఈ పేటను ఆనుకునే ఉన్న షెక్ కిప్ మే గుడిసెల్లో అగ్నిప్రమాదం జరిగి యాభై వేల మందికి పైగా నిలువ నీడ కోల్పోయారు. హాంకాంగ్ ప్రభుత్వ గృహాల చరిత్ర ఆ ప్రమాదంతోనే మొదలైంది. ఆ తర్వాత చుట్టూ బట్టల ఫ్యాక్టరీలు వచ్చాయి, కూలీలు వచ్చారు. ఫ్యాక్టరీలు పోయాయి గానీ పేద జనం మిగిలారు. హాంకాంగ్ జిల్లాల్లో కుటుంబ ఆదాయం బాగా తక్కువున్న వాటిలో ఇదొకటి. ఒక ఫ్లాటును నాలుగైదు గదులుగా కోసి అద్దెకిచ్చే పద్ధతి ఇక్కడ ఎక్కువ. 2021 జనాభా లెక్కల ప్రకారం నగరం మొత్తమ్మీద అలాంటి గదుల్లో రెండు లక్షల మందికి పైగా ఉంటున్నారు. వాటిలో చాలా గదులకు సరైన వంటిల్లు ఉండదు, మరుగుదొడ్డి పక్కనే పొయ్యి ఉంటుంది. అలాంటి గదిలో బతికే మనిషికి వీధి చివరి దుకాణమే వంటిల్లు. రోజూ మూడు పూటలా వచ్చే ఆ మనిషిని దృష్టిలో పెట్టుకునే ఇక్కడ ధరలు నిలబడ్డాయి. సంవత్సరానికోసారి వచ్చే మనలాంటివాళ్లం ఆ బల్ల దగ్గర అతిథులం మాత్రమే, ఇది గుర్తుంచుకోవాలి.

రెండో కారణం, ఒక్కో దుకాణం ఒకటి రెండు వంటకాలకే పరిమితం కావడం. ఇందులో సంప్రదాయం కొంత, లైసెన్సు నిబంధన కొంత ఉన్నాయి. ఫుడ్ అండ్ ఎన్విరాన్‌మెంటల్ హైజీన్ డిపార్ట్‌మెంట్ ఇచ్చే లైసెన్సుల్లో జనరల్ రెస్టారెంట్ లైసెన్సు ఉంటే ఏదైనా వండి పెట్టొచ్చు, కానీ దానికి వంటిల్లు, నిల్వ స్థలం, మరుగుదొడ్ల కొలతలు పెద్దవి. చిన్న కొట్టు తీసుకునేది లైట్ రిఫ్రెష్‌మెంట్ లైసెన్సు. దాని కింద నిర్ణీత జాబితాలోని ఒక రకం వంటలే చేయాలి: నూడుల్సు వాళ్లు నూడుల్సు, గంజి వాళ్లు గంజి. ఫుడ్ ఫ్యాక్టరీ లైసెన్సు ఇంకో రకం, వండి అమ్మొచ్చు గానీ అక్కడ కూర్చోబెట్టి పెట్టకూడదు. పొట్లం కట్టిచ్చే దుకాణం ముందు ఒక్క కుర్చీ కూడా ఎందుకు లేదో అర్థంకాక విసుక్కునేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి. కుర్చీ వేస్తే లైసెన్సు షరతు తప్పినట్టే.

ఒకే వంటకం పొద్దున్నుంచి రాత్రి దాకా చేసే చేతికి వచ్చే పట్టు చూడాలంటే చెంగ్ ఫన్ దుకాణం ముందు పది నిమిషాలు నిలబడాలి. క్వెయ్‌లిన్ స్ట్రీట్‌లో హాప్ యిక్ తాయ్ పేరున్న దుకాణం. చెంగ్ ఫన్ అంటే బియ్యప్పిండిని పలచగా ఆవిరి మీద ఉడికించి చాపలా చుట్టిన చుట్టలు. లోపల ఏమీ పెట్టరు. కత్తెరతో రెండంగుళాలకో ముక్క కత్తిరించి, సోయా సాస్, తియ్యటి సాస్, నువ్వుల ముద్ద, కావాలంటే కారం సాస్ పోసి, పైన వేయించిన నువ్వులు చల్లి ఇస్తారు. ఇరవై డాలర్ల లోపే ఒక ప్లేటు. మన పూతరేకు రేకు ఎంత నేర్పుతో తీస్తారో దీని రేకూ అంతే నేర్పుతో తీయాలి, కాకపోతే ఇది తడిగా, సాగేలా ఉండాలి.

ఇంట్లో ప్రయత్నించేవాళ్ల కోసం కొలతలు: బియ్యప్పిండి 100 గ్రాములు, గోధుమ స్టార్చ్ 15, కార్న్‌ఫ్లోర్ 15, ఉప్పు చిటికెడు, నూనె ఒక చెంచా, నీళ్లు సుమారు 500 మిల్లీలీటర్లు. పిండి దోసెల పిండిలా కాదు, పాలలా ఉండాలి. కలిపి అరగంట నాననివ్వాలి. ఇరవై సెంటీమీటర్ల పళ్లేనికి నూనె రాసి, ముందుగా ఆవిరి మీద వేడిచేసి, అరవై డెబ్భై మిల్లీలీటర్లు పోసి, పళ్లాన్ని తిప్పి సమంగా పరిచి, మూతపెట్టి ధారాళమైన ఆవిరి మీద రెండు మూడు నిమిషాలు ఉంచాలి. రేకు మధ్యలో పెద్ద బుడగలు లేస్తే ఉడికినట్టు. తీశాక ఒక నిమిషం ఆగి గీరి చుట్టాలి. వెంటనే ముట్టుకుంటే చిరుగుతుంది.

చెడేది ఎక్కడంటే, పిండి క్షణాల్లో అడుక్కి దిగుతుంది. ప్రతి గరిటెకూ ముందు అడుగంటా కలపకపోతే మొదటి రేకులు నీళ్లోడుతూ, చివరివి గట్టిగా రొట్టెలా వస్తాయి. ఆవిరి జోరు తక్కువగా ఉంటే పిండి ఉడికేలోపే అడుక్కి పేరుకుని రేకు పొడిపొడిగా విరుగుతుంది. కొత్త బియ్యం రుబ్బితే జిగురెక్కువై పళ్లేనికి అంటుకుపోతుంది, అందుకే అక్కడి పాతకాపులు పాత బియ్యమే నానబెట్టి రుబ్బుతారు. స్టార్చ్ మరీ ఎక్కువైతే మెరుపొస్తుంది గానీ రబ్బరులా నమలాల్సివస్తుంది. మంచి చుట్ట గుర్తు: కత్తెర పెట్టినప్పుడు నలగకుండా తెగాలి, సాస్ పొరల మధ్యకు దిగాలి. కొన్న పది నిమిషాల్లో తినాలి. హోటల్ గదికి పట్టుకెళ్లి రెండు గంటల తర్వాత తిని బాగాలేదనడం న్యాయం కాదు, చల్లారిన బియ్యపు రేకు ఎవరు చేసినా గట్టిపడుతుంది.

శాకాహారులు ముందుగా వెళ్లాల్సింది పే హో స్ట్రీట్‌లోని కుంగ్ వో అనే సోయా దుకాణానికి. వెనకాల తయారీ, ముందు అమ్మకం, గోడలకు పాతకాలపు టైల్సు. అక్కడి తౌ ఫు ఫా, అంటే చెంచా తగిలితే వణికే మెత్తని సోయా గడ్డ, పదిహేను డాలర్ల చుట్టుపక్కల ఉంటుంది. పైన ముదురు పసుపు రంగు పంచదార పొడి ఎవరికి కావలసినంత వాళ్లే చల్లుకుంటారు. పాలు లేవు, గుడ్డు లేదు. సోయా, నీళ్లు, గడ్డ కట్టించే జిప్సం, కాస్త స్టార్చ్, అంతే.

చూడ్డానికి ఇంతేనా అనిపించే ఈ గిన్నెలో తప్పడానికి ఉన్నన్ని అవకాశాలు ఇంకే వంటకంలోనూ లేవని మా అభిప్రాయం. వంద గ్రాముల సోయా గింజలు ఆరు నుంచి ఎనిమిది గంటలు నానాలి. వేసవిలో అంతకు మించి నానితే పులుపు వాసన వస్తుంది. లీటరు నీళ్లతో మెత్తగా రుబ్బి గుడ్డలో పిండి, పచ్చివాసన పోయేదాకా అడుగంటకుండా కాచాలి. నురగ పొంగగానే ఉడికిందనుకుని దించేస్తారు కొందరు, అది పొరపాటు. నురగ ముందే పొంగుతుంది, ఆ తర్వాత కూడా సన్నని సెగ మీద పది నిమిషాలు కాగాలి. పచ్చి సోయా పాలు కడుపులో గడబిడ చేస్తాయి. వేరే గిన్నెలో తినడానికి వాడే జిప్సం పొడి సుమారు మూడు గ్రాములు, కార్న్‌ఫ్లోర్ ఏడెనిమిది గ్రాములు కొద్ది నీళ్లలో కలిపి, పాలు ఎనభై అయిదు డిగ్రీలకు దిగాక అడుగున ఉన్న ఆ నీళ్లను మళ్లీ ఒకసారి కదిపి, పాలను ఒక్క విసురులో ఎత్తు నుంచి పోసెయ్యాలి. ఆ తాకిడే కలపడం. గరిటె పెట్టకూడదు. పైన నురగ తీసి, మూత కింద గుడ్డ కట్టి, పావుగంట గిన్నెను కదపకుండా వదిలేయాలి. గుడ్డ ఎందుకంటే మూత మీద పట్టిన ఆవిరి చుక్కలుగా పడితే పైభాగం గుంతలు పడుతుంది. పాలు చల్లబడి ఉంటే గడ్డ కట్టదు. జిప్సం ఎక్కువైతే నాలుకకు సుద్దలా తగులుతుంది. మధ్యలో కదిపితే గడ్డ విరిగి నీళ్లు వదులుతుంది, ఇక అతకదు. దుకాణంలో వడ్డించేవాళ్లు లోతు గరిటె వాడకుండా చదునైన పళ్లెంలాంటి గరిటెతో పొరలుపొరలుగా తీయడం గమనించండి. అదీ ఈ కారణంగానే.

ఒక హెచ్చరిక. అదే దుకాణంలో వేయించి అమ్మే టోఫు, అంటే సోయా పన్నీరు ముక్కల మీద తెల్లటి ముద్ద కనిపిస్తే అది చేప ముద్ద. మామూలు టోఫు, చేప టోఫు ఒకే నూనెలో వేగుతాయి. శాకాహారులు తౌ ఫు ఫా, సోయా పాలతో ఆగడం మంచిది.

ఫుక్ వా స్ట్రీట్‌లో క్వాన్ కీ లాంటి పిండివంటల కొట్లలో పుట్ చాయ్ కో, పాక్ తోంగ్ కో దొరుకుతాయి. మొదటిది బియ్యప్పిండి, బెల్లం రంగు పంచదార పాకం, ఎర్ర బీన్స్ కలిపి చిన్న పింగాణీ గిన్నెల్లో ఆవిరికి పెట్టి, రెండు వెదురు పుల్లలకు గుచ్చి ఇస్తారు. పాకం సలసల కాగుతూ ఉండగానే పిండిలో పోయాలి. అప్పుడే పిండి సగం చిక్కబడి బీన్సును మోస్తుంది, లేకపోతే బీన్సన్నీ అడుగున చేరతాయి. రెండోది బియ్యప్పిండిని పులియబెట్టి చేసే తెల్లటి తియ్యటి ముక్క. అడ్డంగా కోస్తే నిలువు గొట్టాల్లా రంధ్రాలు కనిపించాలి. పాకం వేడిగా ఉండగా ఈస్ట్ కలిపితే ఈస్ట్ చచ్చి రంధ్రాలు రావు, రాత్రంతా ఎక్కువసేపు పులిస్తే పుల్లబడుతుంది. రెండింటిలోనూ మామూలుగా గుడ్డు ఉండదు.

నూడుల్సు తినేవాళ్లకు లావ్ సమ్ కీ అనే దుకాణం ఉంది. నీళ్లు చేర్చకుండా బాతు గుడ్లతో కలిపిన గోధుమ పిండి ముద్దను లావు వెదురు బొంగు కింద పెట్టి, బొంగు చివర మనిషి కూర్చుని ఎగురుతూ నొక్కుతాడు. క్షారం కూడా కలుపుతారు. కాబట్టి ఉడికించి వెంటనే చన్నీళ్లలో ముంచి మళ్లీ మరిగే నీళ్లలో ఒకసారి తిప్పి తీస్తారు. ఆ కడుగు మానేస్తే సబ్బు వాసన తగులుతుంది. వాంటన్ నూడుల్సు గిన్నెలో చెంచా అడుగున, వాంటన్లు, అంటే లోపల మాంసమో రొయ్యో పెట్టిన పలచటి పిండి పొట్లాలు, దాని మీద, నూడుల్సు పైన ఉంటాయి. నూడుల్సు చారులో మునిగి మెత్తబడకుండా ఈ అమరిక. గిన్నె చిన్నదని ఫిర్యాదు చేయొద్దు, మెత్తబడేలోగా తినేయగలిగినంతే పోస్తారు. చారులో ఎండు చేప, పంది ఎముకలు ఉంటాయి. రొయ్య గుడ్ల పొడి చల్లిన పొడి నూడుల్సులో పంది కొవ్వు కలుపుతారు.

చా చాన్ తెంగ్ అనే కాఫీ, టీ హోటళ్లే ఈ పేట జనానికి కూర్చునే చోటు. ఫుక్ వింగ్ స్ట్రీట్‌లో వై కీ, క్వెయ్‌లిన్ స్ట్రీట్‌లో సన్ హాంగ్ యున్ అందరికీ తెలిసినవి. ఇక్కడి పాల టీ తయారీని హాంకాంగ్ ప్రభుత్వం 2017లో అమూర్త సాంస్కృతిక వారసత్వ ప్రాతినిధ్య జాబితాలో చేర్చింది. సిలోన్ టీ పొడులు రెండు మూడు రకాలు కలుపుతారు: ముతక ఆకు వాసనకు, నడిమి రకం చిక్కదనానికి, సన్న పొడి రంగుకు. పొడవాటి గుడ్డ సంచిలో పోసి, మరిగే నీళ్లను ఎత్తు నుంచి దాని గుండా నాలుగైదు సార్లు ఈ పాత్రలోంచి ఆ పాత్రలోకి వంపుతారు. సుమారు ఏడు పాళ్ల డికాక్షనుకు మూడు పాళ్లు చిక్కబరిచిన, తీపి లేని డబ్బా పాలు. పచ్చిపాలు పోస్తే ఆ డికాక్షను వగరును మోయలేవు. పొయ్యి మీద గంటల తరబడి నిలిచిన టీ చేదెక్కుతుంది. అందుకే జనం ఎక్కువున్న వేళ తాగే టీ, ఖాళీ వేళ తాగే టీ కన్నా బాగుంటుంది. చక్కెర బదులు తియ్యటి కండెన్స్‌డ్ మిల్క్ కావాలంటే చా జౌ అనాలి. టీ, కాఫీ కలిపింది యున్ యెంగ్. చల్లటి పానీయానికి రెండు మూడు డాలర్లు అదనం.

డబ్బు మిగలాలంటే గడియారం చూసుకోవాలి. పొద్దున పదకొండు దాకా టిఫిను సెట్టు, మధ్యాహ్నం భోజనం సెట్టు, రెండున్నర నుంచి అయిదున్నర దాకా టీ వేళ సెట్టు. ఒకే రకం వంటకం టీ వేళలో చవగ్గా దొరుకుతుంది, పానీయం కలిపే ఉంటుంది. పన్నెండున్నర నుంచి రెండు దాకా వెళ్లొద్దు. ఆఫీసుల, కొట్ల పనివాళ్లకు ఉన్న గంట భోజన విరామం అదే, ఆ వేళ మన కుటుంబం ఆరుగురం ఒక బల్ల ఆక్రమించి మెనూ ఫొటోలు తీసుకుంటూ కూర్చోవడం వాళ్ల కూడు లాక్కోవడమే.

బల్ల పంచుకోవడం ఇక్కడ మామూలు. ఎదుట తెలియనివాళ్లను కూర్చోబెడతారు, అది అమర్యాద కాదు. పలకరించాల్సిన పనీ లేదు. మంచినీళ్లు అడిగితే వేడినీళ్లో పలచటి టీయో వస్తుంది, చాలా చోట్ల దాంతో చెంచా, గిన్నె కడుక్కుంటారు. కాగితపు రుమాళ్లు ఇవ్వరు, మనమే పట్టుకెళ్లాలి. తినగానే లేవాలి. బిల్లు బల్ల మీద అద్దం కింద పెడతారు, దాన్ని తీసుకుని వాకిలి దగ్గర గల్లాపెట్టెలో కట్టాలి. ఇలాంటి చోట్ల పది శాతం సర్వీసు చార్జీ సాధారణంగా ఉండదు, టిప్పూ ఎదురుచూడరు. డిమ్ సమ్ అనే చిన్న చిన్న చిరుతిళ్లు టీతో పెట్టే హోటళ్లలో మాత్రం తాగినా తాగకపోయినా తలకింత అని టీ డబ్బులు వేస్తారు, దాని మీద వాదన పెట్టుకోవద్దు. ముందే డబ్బు వేసుకుని వాడే ఆక్టోపస్ కార్డు చాలా చోట్ల నడుస్తుంది గానీ చిన్న కొట్లలో నగదే. ఇరవై, యాభై డాలర్ల నోట్లు దగ్గరుంచుకోండి. పదిహేను డాలర్ల గిన్నెకు అయిదొందల నోటు తీస్తే ఎవరికైనా చిరాకే.

తిండి పట్టింపులున్న మన పాఠకుల కోసం కాస్త వివరంగా చెప్పాలి. మాంసం వద్దని చెబితే సరిపోదు. కూరలో మాంసం ముక్క లేకపోయినా ఆయిస్టర్ సాస్, అంటే సముద్రపు ఆల్చిప్పల సాస్ ఉండొచ్చు, పంది కొవ్వు ఉండొచ్చు, ఎండు రొయ్య ఉండొచ్చు. ఉడికించిన ఆకుకూర మీద పోసే నల్లటి సాస్ చాలావరకు ఆయిస్టరుదే. 'సిక్ జాయ్' అంటే బౌద్ధుల పద్ధతిలో శాకాహారం తింటామని అందరికీ అర్థమవుతుంది, ఉల్లి, వెల్లుల్లి కూడా మానేస్తారని వాళ్ల లెక్క. చాంద్రమాసంలో మొదటి, పదిహేనో రోజుల్లో ఇలా తినేవాళ్లు అక్కడా ఎక్కువే, ఆ రోజుల్లో జాయ్ వంటకాలు ఎక్కువ చోట్ల కనిపిస్తాయి. గొడ్డుమాంసం తిననివాళ్లు 'ఙౌ' అనే శబ్దం, పంది తిననివాళ్లు 'జ్యూ' అనే శబ్దం పట్టుకోవాలి. 'గాయ్' కోడి, 'యూ' చేప, 'హా' రొయ్య. బోర్డు మీద చైనా అక్షరాలే ఉంటే ఫోన్ కెమెరా అనువాదం పనికొస్తుంది గానీ సాస్ సంగతి అది చెప్పదు. బేకరీ బన్నుల్లో గుడ్డు ఉంటుంది, పైనాపిల్ బన్‌లో పైనాపిల్ ఉండదు, పంది కొవ్వు ఉండే అవకాశం మాత్రం ఉంది. వేరుసెనగ అలర్జీ ఉన్నవాళ్లు చెంగ్ ఫన్ మీద సాస్ వద్దని చెప్పాలి. నువ్వుల ముద్దలో వేరుసెనగ కలపడం మామూలే.

మాంసాహారులకు బాగా లాభమైనది లెంగ్ సుంగ్ ఫాన్, ఇందాక చెప్పిన రెండు కూరల అన్నం పొట్లం. కోవిడ్ రోజుల్లో సాయంత్రం హోటళ్లలో కూర్చుని తినడం నిషేధించినప్పుడు ఈ దుకాణాలు వీధి వీధికీ పుట్టాయి. గాజు వెనక పది పదిహేను పళ్లేలు ఉంటాయి, వేలితో చూపిస్తే చాలు. కొత్తగా వండిన పళ్లెం వచ్చే వేళ, అంటే పదకొండున్నరకో సాయంత్రం అయిదున్నరకో వెళ్లాలి. పళ్లెం అడుగున మిగిలిన వేపుడు అప్పటికే రెండు గంటలు దీపం కింద ఎండి ఉంటుంది. 2024 ఏప్రిల్ 22 నుంచి థర్మోకోల్ డబ్బాలు, ప్లాస్టిక్ చెంచాలు, స్ట్రాలు నిషేధం కాబట్టి చెక్క చెంచా ఇస్తారు. చెక్క చెంచాతో చారు తాగడం కష్టం, సొంత స్టీలు చెంచా, డబ్బా తీసుకెళ్తే ఆనందంగా అందులోనే పోస్తారు. కూర్చోవడానికి పే హో స్ట్రీట్ మార్కెట్ ఉన్న ప్రభుత్వ భవనానికి వెళ్లొచ్చు. అక్కడి వండిన ఆహారపు అంతస్తులో దుకాణాలు, బల్లలు ఉన్నాయి. కానీ బయట కొన్న పొట్లం అక్కడి దుకాణం బల్ల మీద విప్పకండి. ఆ దుకాణంలోనే ఏదైనా కొనండి.

ఇక బాధ కలిగించే సంగతి. దాయ్ పాయ్ దాంగ్ అనే పచ్చ రేకుల వీధి వంటశాలలు ఒకప్పుడు నగరమంతా ఉండేవి. యుద్ధం తర్వాత చనిపోయిన, గాయపడిన ప్రభుత్వోద్యోగుల కుటుంబాలు బతకాలని ఆ లైసెన్సులు ఇచ్చారు. 1970లలో కొత్తవి ఇవ్వడం ఆపేశారు, 1980లలో ఉన్నవి వెనక్కి కొనడం మొదలుపెట్టారు. లైసెన్సుదారు పోతే భార్యకో భర్తకో తప్ప మామూలుగా బదిలీ కుదరదు. ఇప్పుడు నగరం మొత్తానికి ముప్పై కూడా లేవు, మిగిలినవాటిలో కొన్ని షామ్ షుయ్ పోలో ఉన్నాయి. షెక్ కిప్ మే స్ట్రీట్‌లో 1956 నుంచి నడుస్తున్న ఓయ్ మాన్ సాంగ్ దగ్గర రాత్రిపూట ఆ మంట చూస్తే తెలుస్తుంది, మూకుడు అంత వేడెక్కితే గానీ ఆకుకూర నీళ్లోడకుండా నిమిషంలో వేగదని. ఇంటి గ్యాసు పొయ్యి మీద ఆ రుచి రాకపోవడానికి కారణం మసాలా కాదు, సెగ.

దుకాణాల్లో ఉన్నవాళ్లకు అద్దె ముప్పు. మంచి హోటళ్లను ఎంచి చెప్పే మిషెలిన్ గైడు 2016 సంచిక నుంచి హాంకాంగ్ వీధి తిండికి విడిగా పేజీలిచ్చింది. గుర్తింపు మంచిదే, కానీ దుకాణం ముందు క్యూ పెరిగితే ఇంటి యజమానికీ కనిపిస్తుంది. చెంగ్ ఫన్ ధర అయిదు డాలర్లు పెంచితే పర్యాటకుడికి పట్టదు, ఎదురుగా గదిలో ఉండే ముసలాయనకు పడుతుంది. దానికి తోడు వారాంతాల్లో హాంకాంగ్ జనం సరిహద్దు అవతలి చైనా నగరం షెన్‌జెన్ వెళ్లి చవగ్గా తిని వస్తున్నారు. తెల్లవారుజామున మూడింటికి లేచి సోయా రుబ్బే పనికి పిల్లలు రావడం లేదు. బొంగు మీద ఎగిరి నూడుల్సు నొక్కే మనిషికి మోకాళ్లు పోతాయి, యంత్రం ఆ పని చేస్తోంది గానీ ఆ సాగుడు రావడం లేదు. ఈ వంటలు సంగ్రహాలయాల్లో పెట్టి కాపాడేవి కావు, రోజూ కొనేవాళ్లుంటేనే మిగులుతాయి. పాల టీని వారసత్వ జాబితాలో చేర్చిన ప్రభుత్వమే దాయ్ పాయ్ దాంగ్ లైసెన్సు బదిలీ నిబంధన పూర్తిగా సడలించకపోవడం మాకు ఎంతమాత్రం సమ్మతం కాదు.

అందుకే మీ పత్రికకు మా విన్నపం. హాంకాంగ్ గురించి ప్రయాణ వ్యాసం వేసినప్పుడు పాము సూపు, కంపు టోఫు ఫొటోలతో వింత తిండి అని శీర్షిక పెట్టకండి. ఇంటింటా రోజూ తినేది తౌ ఫు ఫా, గంజి, నూడుల్సు, అన్నం, ఆకుకూర. టూరు నడిపేవాళ్లు ఒక పూట బఫే మాని, జనాన్ని నలుగురేసి జట్లుగా విడగొట్టి, మధ్యాహ్నం మూడింటికి షామ్ షుయ్ పో స్టేషన్లో వదలమనండి. నలభై మందిని ఒకే దుకాణం ముందు దింపితే ఎవరికీ మేలు కాదు. చెంగ్ ఫన్ ఒక చోట, తౌ ఫు ఫా ఇంకో చోట, పాల టీ మరో చోట తాగి అయిదింటికల్లా తిరిగొచ్చినా తలకు అరవై డెబ్భై డాలర్లు దాటదు. చైనా కొత్త సంవత్సరం మొదటి మూడు నాలుగు రోజులు చాలా దుకాణాలు మూసి ఉంటాయి, కొన్నింటికి వారంలో ఒక రోజు సెలవు. ప్రయాణం తేదీలు ఖరారు చేసేముందు ఈ రెండూ చూసుకోమని పాఠకులకు చెప్పండి.

ఇట్లు,
షామ్ షుయ్ పోలో నివసిస్తున్న తెలుగు పాఠకులు
కౌలూన్, హాంకాంగ్